అంజమ్మ వెనక్కి తీసుకున్న మాట

కరోనా తర్వాత కాలేజీలు మళ్లీ తెరుచుకున్న ఏడాది జూన్‌లో నేను శంషాబాద్ దాటాక తుక్కుగూడ వైపు ఉన్న ఒక చిన్న ఆర్ట్స్ కాలేజీలో సీనియర్ మెంటర్‌గా చేరాను. అంతకుముందు ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో సోషియాలజీ చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో కూర్చున్న కొన్ని నెలలకే నా నోరు భరించలేక మా ఆయన ఆ కాలేజీ ప్రకటన పేపర్లోంచి కత్తిరించి కాఫీ కప్పు పక్కన పెట్టాడు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనకుండా దరఖాస్తు పెట్టాను.

ఒకప్పటి ద్రాక్షతోటలో కట్టిన కాలేజీ అది. పిల్లలు చాలా తక్కువ. అందరికీ ఒకే సిలబస్ అనేది అక్కడ మొదటి ఏడాదితో సరి. ఆ తర్వాత ఎవరి చదువు వాళ్లది. విద్యార్థి ఏం చదవాలో, ఏ పుస్తకాలు, ఏ ఊళ్లు, ఏ మనుషుల దగ్గరికి వెళ్లాలో మెంటర్‌తో కూర్చుని తేల్చుకోవాలి. దాన్ని మా డైరెక్టర్ ‘చదువు పటం’ అనేవారు. పిల్లలు ‘మ్యాప్’ అనేవాళ్లు. వారానికి ఒక గంట మెంటరూ విద్యార్థీ ఎదురెదురుగా కూర్చోవాలి, మూడో మనిషి ఉండకూడదు. చివర్లో రాతపరీక్ష లేదు, వైవా ఉంటుంది. ముగ్గురం కూర్చుంటాం: డైరెక్టర్, మెంటర్, బయటినుంచి వచ్చే ఎగ్జామినర్. ఆ వైవా ఎక్కడ జరగాలో కూడా విద్యార్థే ఎంచుకోవచ్చు.

మొదట్లో నాకు ఇదంతా వింటే ఒళ్లు మండేది. క్లాసు నిండా పిల్లలను కూర్చోబెట్టి నోట్సు చెప్పిన నోరు నాది. ఒక్క పిల్లకు ఒక్క టీచరా, వీళ్లేమన్నా జమీందారుల బిడ్డలా అని ఇంటికొచ్చి విసుక్కునేదాన్ని. కొన్నాళ్లకు ఆ విసుగు పోయింది. ఒక పిల్ల ముందు గంటసేపు కూర్చుంటే ఆ పిల్లకు ఏం తెలుసో, ఏం తెలియదో, ఏది తెలిసినా చెప్పదో అన్నీ తెలుస్తాయి. నా పాత క్లాసుల్లో వెనక బెంచీల మీద కూర్చుని వెళ్లిపోయినవాళ్ల ముఖాలు ఆ రోజుల్లో చాలాసార్లు గుర్తొచ్చేవి.

నాకు అప్పగించిన పిల్లల్లో శిరీష ఒకతె. కాలేజీకి దగ్గర్లోని పల్లె. తండ్రి నర్సింహ, తల్లి అంజమ్మ. వాళ్లది పూల సేద్యం. చామంతి, బంతి పండించి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపేవాళ్లు. మొదటిరోజు నర్సింహే బిడ్డను మోపెడ్ మీద తెచ్చి దించాడు. చేతులు కట్టుకుని నిలబడి, “మేడం, మా ఇంట్ల డిగ్రీ దాకొచ్చింది గీ పిల్లనే. జర మీరే చూస్కోవాలె,” అన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

శిరీష మాట్లాడేది తక్కువ. ఏం చదవాలనుకుంటున్నావమ్మా అంటే “తెల్వది మేడం” అనేది. అది ఒళ్లు దాచుకోవడం కాదు, నిజంగానే తెలియదు. మా పద్ధతిలో తొందరపెట్టకూడదు. నాకు తొందర ఎక్కువ. వారాల తరబడి ఆ గంటలో నేనే మాట్లాడుతూ ఉండేదాన్ని.

ఒక వానాకాలపు మధ్యాహ్నం ఏదో చెబుతుంటే నెత్తిమీదుగా విమానం దిగుతోంది. వానాకాలంలో పడమటి గాలి కాబట్టి విమానాలు తూర్పు నుంచి, అంటే మా మీదుగా, బాగా కిందికి వచ్చి దిగుతాయి. నేను గొంతు పెంచి చెబుతూనే ఉన్నాను. విమానం వెళ్లాక శిరీష మొదటిసారి తనంతట తాను నోరు విప్పింది.

“మేడం, మీరు విమానం మీదికెల్లి మాట్లాడుతున్రు. మా ఊళ్ల గట్ల మాట్లాడరు.”

“మరి ఏం చేస్తారు?”

“ఆగుతరు. పోయినంక మాట్లాడుతరు.”

నేను నమ్మలేదు. మరుసటి వారం ఆ ఊరికి వెళ్లి చూశాను. నిజమే. కిరాణా కొట్టు దగ్గర ఉల్లిగడ్డల ధర గురించి వాదించుకుంటున్న ఇద్దరు మగవాళ్లు విమానం రాగానే ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఒకాయన వేలు చూపించి ఏదో అంటున్నాడు, ఆ వేలు అలాగే గాలిలో ఉంది. విమానం పోగానే సగంలో వదిలిన మాట దగ్గరినుంచి మళ్లీ అందుకున్నాడు. ఎవరూ నవ్వలేదు, వాళ్లకది అలవాటు. ఊరు పక్కనే ఎయిర్‌పోర్టు వచ్చాక పుట్టిన అలవాటు. గొంతు పెంచి మాట్లాడితే అవతలివాడు కొత్తవాడని అక్కడ ఇట్టే తెలిసిపోతుంది. నా సంగతీ తెలిసిపోయింది.

అలా శిరీషకు చదువు దొరికింది. ఇలాంటి చదువు ఏ యూనివర్సిటీ సిలబస్‌లోనూ ఉండదు. ధ్వని గురించి కొంత ఫిజిక్సు, సంభాషణ గురించి కొంత భాషాశాస్త్రం, కుటుంబం గురించి నా సోషియాలజీ, వీటన్నిటికీ పునాదిగా ఆ ఊరు. ఆ పిల్ల చదువుతుంటే చూడటం నాకు పండుగలా ఉండేది. ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని ఒక్కో పేజీ దగ్గర ఆగి, “మేడం, ఈయనకు మా ఊరు తెల్వది, తెలిస్తె గిట్ల రాయకపోవు,” అనేది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇంత చక్కటి విమర్శ నాకు ఏ విద్యార్థీ చెప్పలేదు.

చివరి ఏడాది వానాకాలమంతా ఆమె మాటలు రికార్డు చేసింది. పాలకేంద్రం, కిరాణా కొట్టు, పూలు గుచ్చే చోటు, తమ ఇంటి ముంగిలి. మనుషుల గొంతు రికార్డు చేయాలంటే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ముందు వాళ్ల అనుమతి తీసుకోవాలి. ఎందుకు రికార్డు చేస్తున్నామో, ఎవరు వింటారో వాళ్ల భాషలో చెప్పాలి. మూడోది ముఖ్యం: తన మాట తాను ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, వెనక్కి తీసుకునే హక్కు మాట్లాడిన మనిషికి ఉంటుంది. వైవా జరుగుతుండగా అడిగినా సరే. అడిగితే ఆ రికార్డింగునూ దాని రాతప్రతినీ ఆ మనిషి కళ్లముందే చెరిపేయాలి. కాపీ ఉంచకూడదు. ఈ నియమాన్ని మా డైరెక్టరే రాశారు. నాకు ఆయన మీద నిజంగా గౌరవం కలిగించిన పని అది.

అంజమ్మ అనుమతి తీసుకునేటప్పుడు నేనూ వెళ్లాను. ఆమె చేనులో చామంతి కోస్తోంది. కొంగు నడుముకు చుట్టి, పూలు ఒళ్లో వేసుకుంటూ బిడ్డ చదివేది వింది. మూడో మాట దగ్గర చేయి ఆపి నవ్వింది.

“నా మాట నేను ఎనుకకు తీస్కోవచ్చా? గదేం హక్కు బిడ్డా. అన్నంక ఏడికి పోతది మాట?”

“నువ్వు వద్దంటే తుడిచేస్తం అమ్మా.”

“మంచిగున్నది. గిట్ల నన్ను అడిగినోళ్లు ఎవ్వరు లేరు,” అని మళ్లీ కోతలో పడింది.

ఆమె ఊరికే అన్న మాట కాదది. ఆ చేను పట్టా నర్సింహ పేరున ఉంది. అమ్మడానికి కానీ, కుదువ పెట్టడానికి కానీ అంజమ్మ ఒప్పుకోవాలని ఎవరూ అడగరు. ఆమె అనుమతి కావాలని అడిగింది మా కాలేజీ ఒక్కటే.

మాటలు పోగైన కొద్దీ శిరీషకు ఒక సంగతి తట్టింది. విమానం పోయాక మగవాళ్లు తమ మాట తాము అందుకుంటున్నారు. ఆడవాళ్లు ఆడవాళ్ల మధ్యలో ఉన్నప్పుడు వాళ్లూ అందుకుంటున్నారు. పూలు గుచ్చే దగ్గర ఒక్క ముక్క పోదు. కానీ మగవాళ్లు ఉన్నచోట ఆడమనిషి మాట సగంలో ఆగితే, విమానం పోయాక అది తిరిగి లేవడం లేదు. ఇంకొకరు ఇంకేదో మొదలుపెడతారు, ఆమె ఊరుకుంటుంది. నేను సంతోషపడ్డాను కానీ పైకి చూపించలేదు. మళ్లీ విను, నీకు నచ్చినవే ఏరుకుంటున్నావేమో చూడు అని విసిగించాను. ఆ పిల్ల విసుక్కోకుండా అన్నీ మొదటినుంచి మళ్లీ వింది. సంగతి నిలిచింది.

ఆ తర్వాత ఒక వారం మా గంట కోసం వచ్చినప్పుడు ఆమె ముఖం బాగాలేదు. ఏమైందని అడిగితే ల్యాప్‌టాప్ తెరిచి ఒక ముక్క వినిపించింది. వాళ్ల ముంగిట్లో సాయంత్రం పూట నర్సింహ, ఆయన అన్న బాలయ్య, ఒక వెంచర్ మనిషి కూర్చున్నారు. రికార్డు చేసుకోమని ముగ్గురూ ముందే ఒప్పుకున్నారట. వెంచర్ మనిషంటే పొలాలు కొని ప్లాట్లు చేసి అమ్మేవాడు. చేను బేరం నడుస్తోంది. గ్లాసుల చప్పుడు వినిపించింది, అంజమ్మ చాయ తెచ్చినట్టుంది. తర్వాత ఆమె గొంతు స్పష్టంగా వినిపించింది.

“చేను అమ్ముడు నాకిష్టం లేదు. పొద్దుగాల లేసి నేనేడికి పోవాలె. నేను...”

విమానం వచ్చింది. పోయింది. నర్సింహ గొంతు: “అయితే బయానా ఎప్పుడిస్తరన్నా?”

అంతే. అంజమ్మ మళ్లీ మాట్లాడలేదు. ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిన చప్పుడు మాత్రం ఉంది.

నర్సింహను చెడ్డవాడని అనుకోవద్దు. ఆయనా ఏం చేస్తాడు? చుట్టూ ప్లాట్లయిపోయి ప్రహరీగోడలు లేచాయి, చేనుకు బండిదారి మూసుకుపోయింది. బోరు అడుగంటింది. కాటేదాన్ ఫ్యాక్టరీలో పనిచేసే బాలయ్య తన వాటా ఎప్పుడో అమ్ముకున్నాడు, తమ్ముడినీ తొందరపెడుతున్నాడు. బయానా కింద అడ్వాన్సు ముట్టింది, రిజిస్ట్రేషన్ ఎండాకాలంలో అనుకున్నారు.

మార్చిలో వైవా. చోటు ఎంచుకోమంటే శిరీష తమ ఇంటి ముంగిలి రాసింది. నేను వద్దన్నాను. కాలేజీ హాల్లో పెట్టుకుందాం, మీ అమ్మానాన్నలను అక్కడికే పిలుద్దాం అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

“బాపు చెడ్డోడు కాదు మేడం. ఆయనకు ఇనవడలే. ఇంటే ఆగుతడు.”

“ఇంట్లో మామూలుగా చెప్పరాదా?”

“చెప్పిన. నీకెందుకివన్ని, సదువుకో అన్నడు. సదువుల కలిపి చెప్తే ఇంటడు మేడం. నా సదువంటే ఆయనకు పాణం.”

ఆమె చదివిందంతా ఆ ఒక్క పనికి పనికొస్తుందని ఆ పిల్ల ఆశ. రిజిస్ట్రేషన్ కంటే ముందు వైవా, వైవాలో తల్లి మాట, తల్లి మాట విన్న తండ్రి. చదువు మనిషికి పనికిరావాలని ముప్పై ఏళ్లు చెప్పినదాన్ని, పనికొచ్చే చదువు ఎదురుగా కూర్చుంటే ఏమని అడ్డుపడను? నియమం ప్రకారం చోటు ఎంచుకునే హక్కు కూడా ఆమెదే. ఏ ముక్క వినిపించబోతున్నదీ తల్లికి విడిగా చెప్పి మళ్లీ అనుమతి తీసుకోమన్నాను. చెప్పింది. నేనే స్వయంగా వెళ్లి వంటింట్లో అంజమ్మను అడిగాను. రొట్టె కాలుస్తూ, “బిడ్డ సదువుకు పనికొస్తదంటే ఇనిపియ్యనియ్యి మేడం. నేనన్నదే గద,” అంది. ఆ మాటలో బెదురు లేదు. కొంచెం ఉత్సాహం కూడా ఉందనిపించింది.

డైరెక్టర్‌గారు మురిసిపోయారు. కాలేజీ ఊళ్లోకి వెళ్లడమంటే ఇదేనన్నారు. కాలేజీ ఫొటోలు తీసే మనిషిని కూడా పంపుతానంటే, వద్దు మహాప్రభో అని నేనే ఆపాను.

వైవా రోజు వెళ్లేసరికి ముంగిట్లో షామియానా వేసి ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు, డ్రమ్ములో చల్లటి నీళ్లు, పొయ్యి మీద మిర్చి బజ్జీలు. నర్సింహ తెల్లచొక్కా తొడుక్కుని వచ్చినవాళ్లందరినీ పేరు పేరునా కూర్చోబెడుతున్నాడు. బిడ్డ పరీక్ష తన ఇంటి ముందు జరుగుతోందని ఊరందరికీ చెప్పాడు. బాలయ్యను పిలిచాడు. వెంచర్ మనిషిని కూడా పిలిచాడు. మేం ఇంటి మనుషులే ఉంటారనుకున్నాం. ఆ మనిషి ముందు వరసలో కూర్చున్నాడు. నేను శిరీష పక్కకు వెళ్లి, ఆ ముక్క తీసేద్దామా అని మెల్లగా అడిగాను. తీసేస్తే ఇగ ఎందుకు మేడం ఇదంతా, అంది.

గాలి మారినందువల్ల దిగే విమానాలు ఆ రోజు పడమటి వైపుకు మళ్లాయి. లేచేవి మా మీదికి వచ్చేసరికి బాగా పైన ఉండి మాటకు అడ్డం రాలేదు. ఊరు నిశ్శబ్దంగా ఉంది.

శిరీష బాగా చెప్పింది. నేను చూసిన వైవాల్లో అంత బాగా చెప్పినవాళ్లు తక్కువ. కిరాణా కొట్టు ముక్క వినిపిస్తే ఆ ఉల్లిగడ్డల మనిషి గొంతు విని అందరూ పకపకా నవ్వారు. ఆయనే ఎక్కువ నవ్వాడు. పూలు గుచ్చేవాళ్ల ముక్క వినిపిస్తే ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు మోచేతులతో పొడుచుకున్నారు. తర్వాత మగవాళ్ల మధ్య ఆడవాళ్ల మాట ఏమవుతుందో చెప్పి, ఉదాహరణగా తల్లి మాట వినిపించింది.

చేను అమ్ముడు నాకిష్టం లేదు. అంత మంది మధ్యలో, పెద్ద స్పీకర్‌లోంచి.

నవ్వులు ఆగిపోయాయి. నర్సింహ మొదట బిడ్డను చూశాడు, తర్వాత నేలను. వెంచర్ మనిషి ఫోన్ తీసి దాంట్లో తల దూర్చాడు. బాలయ్య ఊరుకోలేదు.

“ఏంది నర్సింహా, ఇంట్ల పంచాయితి మైకుల పెట్టి ఇనిపిస్తున్రా? గిందుకా మమ్ముల పిలిచింది?”

నర్సింహ చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది.

మా పద్ధతిలో, మాట్లాడిన మనిషి వైవాలో ఉంటే ఆమెనే అడగాలి, ఇది మీ మాటేనా, సరిగ్గా పట్టుకున్నారా అని. ఎగ్జామినర్ నగరం నుంచి వచ్చిన భాషాశాస్త్రం ఆచార్యులు, కోస్తావారు, నెమ్మది మనిషి. బాలయ్యను పట్టించుకోకుండా ఆమెవైపు తిరిగి మర్యాదగా అడిగారు.

“అమ్మా, ఇప్పుడు విన్నది మీ మాటేనా అండి?”

అంజమ్మ గుమ్మం దగ్గర, ఆడవాళ్ల మధ్యలో నిలబడి ఉంది. ఆమె మొగుణ్ణి చూసింది. ఆయన తల ఎత్తలేదు.

“అది నేను గాదు,” అంది.

శిరీష విననట్టుగా చూసింది. “అమ్మా. నువ్వే గద.”

“నేను గట్ల అనలే బిడ్డా.”

ఆచార్యులు నావైపు చూశారు. నేను ఏదో అనబోయేలోగా అంజమ్మే మళ్లీ అంది, ఈసారి మా ముగ్గురినీ చూస్తూ. “ఎనుకకు తీస్కోవచ్చన్నరు గద సారూ. తీస్కుంటున్న. తుడిచెయ్యుండ్రి.”

తనది కాదన్న మాటను ఎలా వెనక్కి తీసుకుంటుంది? ఆ ప్రశ్న మా ముగ్గురికీ వచ్చింది. ఎవరం అడగలేదు. ఆచార్యులు మెల్లగా, “ఆవిడ తన హక్కు వాడుకున్నారు. చెరిపేయండి,” అన్నారు.

చెరపడం మెంటర్ పర్యవేక్షణలో జరగాలి. ఫోన్‌లో ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఒకటి, కాలేజీ సర్వర్‌లో ఒకటి. రాతప్రతిలో ఆ పేజీ. శిరీష అన్నీ తనే చేసింది. నేను చేస్తానన్నా వినలేదు. తల్లి దగ్గరికి వెళ్లి, తెర ఆమెవైపు తిప్పి, ఒక్కొక్కటి చూపిస్తూ తీసేసింది. అంజమ్మ ఆ తెరను చూడలేదు, బిడ్డ ముఖాన్నే చూస్తూ నిలబడింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. ఆ పిల్ల మూడేళ్ల చదువు, ఆ తల్లి చేను, రెండూ నా కళ్లముందే పోతున్నాయి. నియమం సరిగ్గా అమలవుతోందని సంతకం చేయాల్సిన మనిషిని నేను.

జనం వెళ్లిపోయాక నర్సింహ నా దగ్గరికి వచ్చాడు. బజ్జీలు ఎవరూ ముట్టలేదు.

“మేడం, నేనెప్పుడన్న కొట్టిన్నా, తిట్టిన్నా? గింత మందిల నా ఇజ్జత్ పోయింది. ఆమెకు ఇష్టం లేకుంటే నాకు చెప్తే అయిపోవు గద.”

“చెప్పిందయ్యా,” అన్నాను.

“ఎప్పుడు?” అని అడిగాడు.

ఆయన నటించడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఆ సాయంత్రం ఆయనకు గుర్తుంది, బయానా గుర్తుంది, చాయ గుర్తుంది. ఈ మాట లేదు. ఇందాక స్పీకర్‌లో విన్నది కూడా, అంజమ్మ కాదన్నది కాబట్టి, బిడ్డ ఎక్కడో పొరబడిందనే అనుకుంటున్నాడు. నేను చెప్పాలనుకున్నాను. కానీ ఆ మాట అంజమ్మ వెనక్కి తీసుకుంది. దాన్ని ఇంకొకరికి చెప్పే అధికారం ఇక నాకు లేదు. మీ ఇద్దరూ ఒకసారి మాట్లాడుకోండి అని మాత్రం అన్నాను. సరే మేడం అన్నాడు.

వైవా బోర్డు మీటింగులో శిరీషను పాస్ చేశాం. ఆచార్యులు గట్టిగా నిలబడ్డారు. ఒక ఉదాహరణ పోయినంత మాత్రాన పరిశోధన పోదని, విద్యార్థిని నియమం పాటించిన తీరుకు అదనంగా గుర్తింపు ఇవ్వాలని రాశారు. ఆ గుర్తింపు సంగతి చెబితే శిరీష వద్దంది. ఎండాకాలంలో రిజిస్ట్రేషన్ జరిగిపోయింది. నెల తిరగకముందే చేనులో రాళ్లు పాతి రంగులు పూశారు. శిరీషకు వేరే రాష్ట్రంలో ఎంఏ సీటు వచ్చింది. తండ్రే రైలెక్కించాడట. వెళ్లేముందు నా గదికి వచ్చి, ఎక్కువేమీ మాట్లాడకుండా, ఇచ్చిన పుస్తకాలన్నీ బల్లమీద పెట్టింది. నువ్వు తప్పు చేయలేదమ్మా అన్నాను.

“తప్పు గాదు మేడం. అమ్మ నన్ను అబద్ధాలాడేదాన్ని చేసింది అందరి ముందర. అది పోతలేదు నా మనసులకెల్లి.”

ఆమె కోపం సరైనదే. అంజమ్మ చేసిందీ సరైనదే. మొగుడి పరువు పోతుంటే ఆ ముంగిట్లో ఇంకేం చేయగలదు ఆమె? ఆ ఇద్దరిలో ఎవరిని సమర్థించినా రెండోవాళ్లకు అన్యాయం చేసినట్టే ఉండేది నాకు. ఆ రోజు రాత్రి మా ఆయన మీద ఉత్తపుణ్యానికి అరిచాను. ఆయన మామూలుగానే ఊరుకున్నాడు.

మళ్లీ వానాకాలం వచ్చింది. కొత్త పిల్లలు, కొత్త మ్యాపులు. ఒక రోజు ఉదయం ఇంకా క్లాసులు మొదలవకముందే అటెండర్ వచ్చి, ఎవరో ఆమె మీకోసం కూర్చుందని చెప్పాడు. వెళ్లి చూస్తే అంజమ్మ. కాలేజీ బెంచీ మీద ఒక అంచున కూర్చుని ఉంది. శుభ్రమైన చీర, ఖాళీ చేతులు. లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టి తలుపు వేశాను.

“ఏమైంది చెల్లె? శిరీష బాగుందా?”

“మంచిగున్నది. ఫోన్ జేస్తది వాళ్ల బాపుకు. నాతోని గూడ మాట్లాడుతది, తిన్నవా పన్నవా అని.” కాసేపు బల్లను చూసింది. “మేడం, ఒక పని మీద వచ్చిన. అది ఒక్కసారి ఇనిపిస్తరా?”

ఏది అని అడగలేదు నేను.

“అండ్ల నేనన్నది. ఆ రోజు ఆగమాగం ఉండె, సరిగ ఇనలే. అన్న. అన్న అని నాకు తెలుసు మేడం. కని ఎవ్వరు ఇనలేదంటరు, ఆయన నువ్వెప్పుడన్నవే అంటడు. ఒక్కొక్కపారి నాకే డౌటైతున్నది, అన్ననా, మనసుల అనుకున్ననా అని. ఒక్కసారి ఇంటే చాలు. మళ్ల అడగ.”

చెరిపేశామని చెప్పాను. ఎక్కడా లేదా అని అడిగింది. ఎక్కడా లేదన్నాను. కంప్యూటరోళ్లు తిరిగి తెప్పిస్తరంట గద అంది. తిరిగి రాకుండా తీశాం, మీరు అడిగినట్టే తీశాం అన్నాను. అలా అంటున్నప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది, నేను చెబుతున్నదంతా నిజమే అయినా. ఆ మాట శిరీషకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది, ఫోన్ చేసి అడగండి, చెబుతుంది అన్నాను.

అంజమ్మ తల ఊపింది. కాదని. “బిడ్డ నోట్లకెల్లి వద్దు మేడం. నా నోట్లకెల్లి ఇనాలనుకున్న.”

చాయ తెప్పిస్తే తాగింది. గ్లాసు తనే తీసుకెళ్లి కొళాయి దగ్గర కడిగి పెట్టింది. పోయొస్త మేడం అని వెళ్లిపోయింది. ఆమె గేటు దాటేదాకా కిటికీలోంచి చూశాను. ఆ తర్వాత ఆ కాలేజీలో రెండేళ్లు పనిచేశాను. ఆమె మళ్లీ రాలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ల కోసం ఆ సంఘటన నేర్పింది రాస్తున్నాను. ఒక మనిషి వంటింట్లో ఇచ్చిన అనుమతి ముంగిట్లో చెల్లదు. ఎవరెవరి ఎదుట వినిపిస్తామో మనుషుల పేర్లతో సహా చెప్పి అడగాలి. వెనక్కి తీసుకునే హక్కు కూడా అంతే. నలుగురి మధ్య వాడుకున్న హక్కును ఆ మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు మళ్లీ ఒకసారి అడిగి తేల్చుకోవాలి. ఆ కాలేజీ వదిలే ముందు నేను ఆ నియమంలో ఒక మార్పు చేయించాను. ఎవరైనా తమ మాట వెనక్కి తీసుకుంటే, చెరిపే ముందు వాళ్లను విడిగా కూర్చోబెట్టి, తలుపు వేసి, ఒకసారి వాళ్లకు వినిపించాలి. డైరెక్టర్‌గారు ఒప్పుకున్నారు. ఇప్పుడు అక్కడ అలాగే చేస్తున్నారని విన్నాను. అంజమ్మకు అది అందలేదు.